5 రోజులుగా ఉత్త నీళ్ళ మీదే ఉన్నాను, ఆకలి చచ్చిపోయింది. 21 రోజులు లాగొచ్చా?

గాలిపటం77 | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. వయసు 38, మగ, ఎత్తు 174 సెంటీమీటర్లు, మొదలుపెట్టినప్పుడు బరువు 91 కిలోలు. పోయిన బుధవారం రాత్రి తిన్నదే ఆఖరు. అప్పట్నుంచి నీళ్ళు తప్ప ఇంకేం లేదు.

మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రోజు, మూడో రోజు నరకం. తలనొప్పి, కడుపులో నకనక, ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకున్నాను. నాలుగో రోజు పొద్దున లేచేసరికి ఆకలి లేదు! బుర్ర తేటగా ఉంది. ఇవాళ తూకం 86.1. ఐదు రోజుల్లో దాదాపు 5 కిలోలు. పెళ్ళప్పటి నుంచి బిగుసుకుపోయిన ఉంగరం సబ్బు లేకుండా ఊడి వచ్చింది.

ఇబ్బందులు రెండే. మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడితే సర్దుకుంటోంది. రెండోది నోటి వాసన. "గోళ్ళ రంగు తుడిచే మందు గానీ తాగారా ఏంటి?" అంది మా ఆవిడ.

బీపీకి రోజూ ఒక మాత్ర తప్ప వేరే జబ్బులేం లేవు. 21 రోజులకు వెళ్ళొచ్చా? చేసినవాళ్ళు చెప్పండి. తిట్టేవాళ్ళు కాస్త మెల్లగా తిట్టండి, ఓపిక లేదు.

బక్కపలచన | సోమవారం, రాత్రి 9:58

సూపర్ బ్రో! నేను 7 రోజులు చేశా. నాలుగో రోజు దాటితే ఇక స్వర్గమే. ఒంట్లో చెత్తంతా ఊడ్చుకుపోతుంది, ఆటోఫజీ మొదలైపోయి ఉంటుంది నీకు. లంకణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అన్నారా? ఆపకు.

ఎదురుప్రశ్న | సోమవారం, రాత్రి 10:05

పెద్దలు ఆ మాట అన్నది జ్వరమొచ్చి రెండు పూటలు మానేసినవాడి గురించి. మూడు వారాలు మానేసినవాడిని పట్టుకుని ఏమనేవాళ్ళో అది వేరే సంగతి.

లెక్కలమాస్టారు | సోమవారం, రాత్రి 10:31

గాలిపటం గారూ, మీ 5 కిలోల లెక్క ఒకసారి విప్పి చూద్దాం. నాకు అదో జబ్బు, ఏమీ అనుకోకండి.

కాలేయంలో 100 గ్రాములు, కండల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. చక్కెరను మూటగట్టి దాచుకున్న రూపం అనుకోండి. కాలేయంలోది ఒక రోజు, కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు 3 గ్రాముల నీళ్ళను పట్టి ఉంచుతుంది. అది కరిగితే నీళ్ళూ పోతాయి. దాదాపు అంతా పోయిందనుకుంటే, ఇక్కడే 2 కిలోలు.

మెదడుకు మామూలుగా రోజుకు 100 నుంచి 120 గ్రాముల గ్లూకోజు కావాలి. కొవ్వులోంచి గ్లూకోజు పెద్దగా తయారు కాదు, కొంచెం గ్లిజరాల్ వస్తుంది అంతే. అందుకని మొదటి రోజుల్లో ఒళ్ళు తన ప్రోటీన్‌నే విరగ్గొట్టి కాలేయానికి పంపుతుంది, రోజుకు సుమారు 75 గ్రాములు. కండలో ప్రోటీన్ ఐదో వంతే, మిగతాది ఎక్కువగా నీరు. అంటే రోజుకు 350 గ్రాముల పైచిలుకు కండ. ఐదు రోజులకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల మధ్య వేసుకోండి.

ఇక కొవ్వు. రోజుకు 2,000 కేలరీల చొప్పున ఐదు రోజులకు 10,000. అందులో గ్లైకోజెన్ 2,000, ప్రోటీన్ 1,500 ఇచ్చాయనుకుంటే కొవ్వు మీద పడింది 6,500. ఒంట్లోని కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. మీరు పోగొట్టుకున్న కొవ్వు కిలో కూడా లేదు! మిగిలినదంతా ఉప్పుతో పాటు పోయిన నీళ్ళు, ఖాళీ అయిన పేగులు.

గాలిపటం77 | సోమవారం, రాత్రి 10:40

మాస్టారూ, నా పేరుకు తగ్గట్టు గాలి తీసేశారు.

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 11:16

నేను ఐసీయూలో నర్సుని, ఇప్పుడు బ్రేక్‌లో ఉన్నా, అందుకే ముక్కలు ముక్కలుగా రాస్తున్నా.

గాలిపటం గారూ, బరువు సంగతి తర్వాత. ఆ బీపీ మాత్ర పేరేంటి? అట్ట తీసి వెనకాల ఏం రాసుందో అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెట్టండి.

ఎందుకంటే తిండి మానేస్తే ఇన్సులిన్ పడిపోతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచవు, వదిలేస్తాయి. దాని వెంటే నీళ్ళు. మొదటి వారంలో బీపీ దానంతటదే దిగుతుంది. దాని మీద మీరు దించే మాత్ర కూడా వేసుకుంటున్నారు. గుమ్మం పట్టుకుని నిలబడుతున్నది అందుకే. రాత్రిపూట బాత్‌రూమ్‌కి లేచి, కళ్ళు తిరిగి, గచ్చు మీద తల పగలగొట్టుకున్నవాళ్ళను నేను చూశాను.

గాలిపటం77 | సోమవారం, రాత్రి 11:24

టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉంది.

రాత్రిడ్యూటీ | సోమవారం, రాత్రి 11:29

అనుకున్నాను. ఆ రెండోది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. సోడియంతో పాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపుతుంది. ఇటు లోపలికి వచ్చేది సున్నా. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది, అది ముందుగా చెప్పి రాదు.

మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, అలాగే మింగుతూ కూర్చోవద్దు. రాసిచ్చిన డాక్టరుకు ఫోన్ చేసి "5 రోజులుగా ఏమీ తినలేదు" అని చెప్పండి. స్పృహ తప్పినా, గుండె దడదడలాడినా పొద్దుటి దాకా ఆగకుండా ఎమర్జెన్సీకే.

ఇంకో ముక్క. ఆకలి పోయిందంటే ఒంటికి తిండి అక్కర్లేదని కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను మనం రోజూ తినే వేళలకు అలల్లా లేస్తుంది. రెండు మూడు రోజులు తినకపోతే ఆ అలలు చిన్నవవుతాయి. కొవ్వు కరిగేటప్పుడు కాలేయం తయారుచేసే కీటోన్లు పెరిగి ఆకలిని ఇంకా అణుస్తాయి. ఆ నోటి వాసన కూడా వాటిదే, అసిటోన్. గోళ్ళ రంగు తుడిచే మందులో చాలావరకు ఉండేది అదే. మీ ఆవిడ ముక్కు కరెక్ట్. పెట్రోలు ముల్లు పనిచేయడం మానేస్తే ట్యాంకు నిండినట్టు కాదు కదా.

పాతకాపు | మంగళవారం, ఉదయం 6:20

సిస్టర్ చెప్పిందంతా నిజం. ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిన విషయం కూడా కాదు. 1912లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్త ఒక మనిషిని 31 రోజులు నీళ్ళ మీదే ఉంచి రోజూ తూచి, ఊపిరి కొలిచి, మూత్రం పరీక్షించి పెద్ద గ్రంథమే అచ్చేశాడు. ఆ మనిషి మొదట్లోనే 60 కిలోల చిల్లర, చివరికి 13 కిలోలు తగ్గాడు.

అసలు చిక్కుముడి తర్వాత విడింది. మెదడు గ్లూకోజు మీదే బతికేటట్టయితే రోజుకు 75 గ్రాముల ప్రోటీన్ కరుగుతూ పోవాలి. అలాగయితే మనిషి రెండు మూడు వారాలకే కండ కరిగి చచ్చిపోవాలి. కానీ చావట్లేదు, ఎందుకు? ఆలివర్ ఓవెన్, జార్జ్ కేహిల్ బృందం బాగా లావుగా ఉన్న ముగ్గురిని 5, 6 వారాలు ఆసుపత్రిలో పస్తు ఉంచి, మెదడులోకి వెళ్ళే రక్తాన్నీ బయటికొచ్చే రక్తాన్నీ పోల్చి చూసింది. 1967లో ప్రచురించారు. మెదడు తన అవసరంలో సుమారు మూడింట రెండు వంతులు కీటోన్ల నుంచి తీసుకుంటోందని తేలింది. గ్లూకోజు వాడకం రోజుకు 40 గ్రాముల దగ్గరికి దిగుతుంది. దాంతో ప్రోటీన్ నష్టం కూడా కొన్ని వారాలకు 20 గ్రాముల దాకా తగ్గుతుంది.

దీన్ని చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టుకునేవాడికి పెరట్లో కట్టెల మోపు ఉందని గుర్తొచ్చినట్టు. కాకపోతే దూలాలు పీకడం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. గుండె కూడా కండే అని మర్చిపోకూడదు.

స్కాట్లండ్‌లో ఆంగస్ బార్బియెరి అనే 27 ఏళ్ళ కుర్రాడు 1965-66లో 382 రోజులు తినకుండా ఉన్నాడు. 207 కిలోల నుంచి 82కి వచ్చాడు.

బక్కపలచన | మంగళవారం, ఉదయం 7:45

చూశారా! 382 రోజులు!! మరి 21 రోజులకే ఇంత టెన్షన్ ఎందుకు పెడుతున్నారు అతన్ని?

పాతకాపు | మంగళవారం, ఉదయం 8:10

తమ్ముడూ, నేను రాసిన దాంట్లో నీకు ఒక్క అంకే కనిపించింది. మిగతాది కూడా చెబుతా విను. 207 కిలోల మనిషి. విటమిన్లు, ఈస్టు ఇచ్చారు, మధ్యలో పొటాషియం, సోడియం ఇచ్చారు. డండీలోని ఆసుపత్రి వైద్యులు మాటిమాటికీ రక్తం తీసి చూశారు. అయినా అతని గ్లూకోజు కొన్నిసార్లు 30 దగ్గర తచ్చాడింది. చివర్లో విరేచనానికి విరేచనానికి మధ్య 37 నుంచి 48 రోజులు పట్టేది.

అదే పద్ధతిలో 30 వారాలు పస్తున్న 20 ఏళ్ళ అమ్మాయి, మళ్ళీ తిండి మొదలుపెట్టిన ఏడో రోజున చనిపోయింది. గుండె కండరపు పోగులు తునకలు తునకలైపోయి ఉన్నాయని 1969లో వైద్య పత్రికలో రాశారు. ఇలాంటి చావులు చూశాకే ఆసుపత్రులు ఆ వైద్యాన్ని పక్కన పెట్టేశాయి.

మామూలు ఒళ్ళున్నవాళ్ళ సంగతి కావాలంటే 1981 ఐరిష్ ఖైదీల నిరాహారదీక్ష ఉంది. నీళ్ళు తాగుతూనే పదిమంది చనిపోయారు, 46 నుంచి 73 రోజుల మధ్య. బాబీ శాండ్స్ 66వ రోజున. నీళ్ళు కూడా మానేస్తే వారాలు కాదు, రోజులే.

ఎదురుప్రశ్న | మంగళవారం, ఉదయం 9:02

ఆటోఫజీ గురించి కూడా తేల్చేద్దాం, ఇక్కడ ప్రతి థ్రెడ్‌లో అదే పాట. 2016లో యోషినోరి ఒసుమికి నోబెల్ వచ్చింది నిజమే. ఆయన పనిచేసింది ఈస్టు కణాల మీద. కణం తన పాత సామానును తానే విరగ్గొట్టి వాడుకోవడం అనేది ఉంది, పస్తుంటే పెరుగుతుంది, ఎలుకల్లో చూశారు. కానీ "48 గంటలకు ఇంత శాతం, 72 గంటలకు రోగనిరోధక శక్తి రీసెట్" అని చార్టులు తిరుగుతున్నాయే, అవి ఏ మనిషి ఒంట్లో కొలిచి గీశారు? బక్కపలచన గారూ, మీకు మొదలైందని ఎలా తెలిసింది? చప్పుడేమైనా వినిపించిందా?

బక్కపలచన | మంగళవారం, ఉదయం 9:20

వెటకారం అక్కర్లేదు. నాకు బాగా అనిపించింది, అదే చెప్పా. జర్మనీలో ఉపవాస వైద్యశాలలే ఉన్నాయి, వేలమంది చేస్తారు.

ఎదురుప్రశ్న | మంగళవారం, ఉదయం 9:41

ఉన్నాయి. అక్కడి బుకింగర్ విల్‌హెల్మీ వైద్యశాల 1,422 మంది మీద 2019లో అధ్యయనం ప్రచురించింది. 4 నుంచి 21 రోజులు. ఎక్కువమందికి పెద్ద ఇబ్బందులు రాలేదు, బీపీ, షుగర్ తగ్గాయి. ఇది మీ వైపు మాటే, ఒప్పుకుంటున్నా. కానీ వాళ్ళు రోజుకు 200 నుంచి 250 కేలరీలు రసాలు, సూపుల రూపంలో ఇస్తారు, చేర్చుకునే ముందు పరీక్షిస్తారు, పక్కన డాక్టరు ఉంటాడు. గాలిపటం గారి పక్కన గుమ్మం ఉంది.

బొటనవేలు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నా పేరు చూసి నవ్వేవాళ్ళకు దాని కథ. రెండేళ్ళ కిందట 10 రోజులు అనుకుని మొదలుపెట్టా. తొమ్మిదో రాత్రి కాలి బొటనవేలి మొదట్లో ఎవరో శ్రావణం పెట్టి బిగించినట్టు నొప్పి. దుప్పటి అంచు తగిలినా కేక. ఎర్రగా ఉబ్బిపోయింది. గౌట్. మూత్రపిండాల్లో కీటోన్లు, యూరిక్ ఆసిడ్ ఒకే దారిలో పోటీ పడతాయట, కీటోన్లు ముందు పోతే యూరిక్ ఆసిడ్ లోపలే పేరుకుంటుందట. నా యూరిక్ ఆసిడ్ అంతకుముందే ఎక్కువ ఉందని నాకు తెలీదు. పరీక్ష చేయించుకుంటే కదా తెలిసేది.

సందేహాలసంచి | మంగళవారం, సాయంత్రం 4:50

నా అనుభవం కూడా. ఏడాదిలో మూడుసార్లు వారం వారం చొప్పున చేశాను. అప్పటికే సన్నగా ఉంటాను, అయినా ఏదో పిచ్చి. నెలసరి నాలుగు నెలలు రాలేదు. ఆఖరుసారి అయిన మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. అప్పుడు బాగానే తింటున్నాను, అందుకే సంబంధం తట్టలేదు. ఎప్పుడూ చలి. ఇవన్నీ దానివల్లేనా సిస్టర్?

రాత్రిడ్యూటీ | మంగళవారం, సాయంత్రం 6:35

చాలావరకు సరిపోతోందమ్మా, కానీ థైరాయిడ్, రక్తం చూపించుకోకుండా దాని మీదే తోసేయకండి. కొవ్వు నిల్వ తగ్గితే దాని నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను పడిపోతుంది, ఇప్పుడు బిడ్డను మోసే స్తోమత లేదని మెదడు నెలసరిని ఆపుతుంది. థైరాయిడ్ హార్మోను టీ3 తగ్గి ఒళ్ళు వేడి పుట్టించడంలో పొదుపు చేస్తుంది, అదే చలి. జుట్టు రెండు మూడు నెలలు ఆలస్యంగా ఊడటం మామూలే.

ఎవరూ అడగకపోయినా ఇంకొకటి చెప్పేస్తా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, ఇంతకుముందు తిండి మానేసే జబ్బు పడినవాళ్ళు ఈ జోలికే పోవద్దు. షుగర్‌కి పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని వచ్చే మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా. వాళ్ళకు షుగర్ మామూలుగానే చూపిస్తూ రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. మీటర్ బాగానే ఉందని ఇంట్లో కూర్చుంటారు.

గాలిపటం77 | మంగళవారం, రాత్రి 8:05

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళొచ్చా. ముందు తిట్టారు, తర్వాత రక్తం తీయించారు. పొటాషియం 3.1. కనీసం 3.5 ఉండాలట. బీపీ పడుకుంటే 108, నిలబడితే 84! ఈసీజీ బాగానే ఉంది. మాత్ర మార్చారు, పొటాషియం సిరప్ ఇచ్చారు. ఉపవాసం ఇవాళ్టితో బంద్.

ఒకటి ఒప్పుకోవాలి. ఆకలి లేదు లేదు అంటూనే రోజూ రాత్రి రెండు గంటలు వంటల వీడియోలు చూస్తున్నా. మా ఆవిడ నవ్వుతుంది.

పాతకాపు | మంగళవారం, రాత్రి 8:22

నవ్వనీయండి, మీకు తోడు ఉన్నారు. 1944-45లో మిన్నెసోటాలో యాన్సెల్ కీస్ 36 మంది కుర్రాళ్ళకు 24 వారాలు సగం తిండి పెట్టి చూశాడు. పూర్తి ఉపవాసం కాదు, అరకడుపు. నాలుగో వంతు బరువు తగ్గారు. వాళ్ళలో కొందరు వంటల పుస్తకాలు పోగేయడం మొదలుపెట్టారు. అంతకుముందు వంటింటి మొహం చూడనివాళ్ళు.

గాలిపటం77 | మంగళవారం, రాత్రి 8:30

సరే, బంద్ చేశా కాబట్టి ఇవాళ కడుపారా తినేయనా?

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 8:33

వద్దు!! ఆగండి, పూర్తిగా రాస్తా.

రాత్రిడ్యూటీ | మంగళవారం, రాత్రి 9:10

మా వార్డులో జరిగింది. 16 రోజులు నీళ్ళ మీద ఉన్న మనిషి. ఉన్నన్నాళ్ళూ నడిచాడు, ఫోన్లు మాట్లాడాడు. పదిహేడో రోజు ఇంటిల్లిపాదీ కూర్చోబెట్టి పండగలా తినిపించారు. రెండో రోజుకు పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట. మూడో రోజు ఊపిరి అందక తీసుకొచ్చారు. ఫాస్ఫేట్ అట్టడుగున ఉంది. ఆయన భార్య ఒకటే మాట, "తిననన్నాళ్ళూ బాగానే ఉన్నాడమ్మా, తిన్నాకే ఇలా అయ్యాడు" అని.

ఆవిడ చెప్పింది నిజమే. పస్తుల్లో కణాల్లోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు కరిగిపోతాయి. రక్త పరీక్షలో మాత్రం దాదాపు మామూలుగానే కనిపించొచ్చు. ఒక్కసారిగా పిండి పదార్థం, తీపి లోపలికి పడితే ఇన్సులిన్ లేస్తుంది, రక్తంలో ఉన్న ఆ కాస్త లవణాలనూ కణాల్లోకి లాగేస్తుంది. శక్తిని మోసే ఏటీపీకి ఫాస్ఫేట్ కావాలి. అది లేక గుండె, ఊపిరి కండరాలు చేతులెత్తేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శిబిరాల నుంచి బయటపడినవాళ్ళలో కొందరు తిండి దొరికాక చనిపోవడానికి ఇదీ ఒక కారణం.

బి1 విటమిన్, అదే థయమిన్, దాని సంగతి ఇంకా చెడ్డది. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి రాదు. గ్లూకోజును వాడుకోవడానికి అది కావాలి. అది అడుగంటిన మనిషికి ముందు గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన చుక్క కూడా ఖర్చయి మెదడు దెబ్బతింటుంది. కళ్ళు ఒక చోట నిలవక అదురుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది, మాట తికమక. వెర్నికే అంటారు. అందుకే బి1 ముందు, లేదా గ్లూకోజుతో పాటే.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు రాసే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల ప్రకారం 5 రోజులు దాటి తిననివాళ్ళకు మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించి పెట్టకూడదు. 10 రోజులు దాటితే కిలో బరువుకు రోజుకు 10 కేలరీలతో మొదలు. 15 దాటితే 5 కేలరీలే, అదీ గుండెను మానిటర్ మీద పెట్టి. గాలిపటం గారూ, మీవి ఆరు రోజులు, పైగా పొటాషియం తక్కువ. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు, తీపి తక్కువగా తినండి. ఎంత తినాలో, రక్తం మళ్ళీ ఎప్పుడివ్వాలో మీ డాక్టరునే అడిగి రాసుకోండి.

లెక్కలమాస్టారు | శనివారం, ఉదయం 7:30

గాలిపటం గారూ, తూకం ఎంత?

గాలిపటం77 | శనివారం, ఉదయం 8:12

88.9. చెప్పకండి మాస్టారూ, నీళ్ళేనని తెలుసు. ఉంగరం మళ్ళీ బిగుసుకుంది. పొటాషియం 3.9కి వచ్చింది, ఫాస్ఫేట్ బాగుంది. లేస్తే కళ్ళు తిరగట్లేదు. ఇవాళ రాత్రి నుంచి వంటల వీడియోలు కూడా బంద్.

తెల్లకాగితం | ఆదివారం, రాత్రి 1:48

ఇప్పుడే ఈ థ్రెడ్ దొరికింది. నాది ఇవాళ 19వ రోజు, నీళ్ళు మాత్రమే. ఆకలి అస్సలు లేదు. మూడు రోజుల నుంచి వాంతులు. సాయంత్రం నుంచి ఫోన్ మీద అక్షరాలు రెండు రెండుగా కనిపిస్తున్నాయి. ఒక కన్ను మూసుకుని టైప్ చేస్తున్నా. నిద్ర లేకనా?

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 1:51

నిద్ర లేక కాదు. ఇంట్లో ఎవరున్నారో వాళ్ళను ఇప్పుడే లేపండి. మీరు బండి నడపొద్దు, అంబులెన్స్ పిలిపించండి. తీపివేవీ తాగొద్దు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ఈ రెండు ముక్కలు చెప్పండి: "19 రోజులుగా ఏమీ తినలేదు, ఒకటి రెండుగా కనిపిస్తోంది. గ్లూకోజు పెట్టే ముందు థయమిన్ ఇవ్వండి." మాట తడబడుతుందేమో, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి చేతిలో పెట్టుకోండి.

రాత్రిడ్యూటీ | ఆదివారం, రాత్రి 2:04

తెల్లకాగితం గారూ, బయల్దేరారా? మీరు రాయలేకపోతే పక్కనున్నవాళ్ళు ఎవరైనా ఒక్క ముక్క రాయండి. నేను డ్యూటీలోనే ఉన్నాను.

తెల్లకాగితం | ఆదివారం, రాత్రి 2:11

నేను వాళ్ళ అక్కను. బండిలో ఉన్నాం. కాగితం రాశాను.